చారిత్రక నవలా పాఠకుల పఠన వినిమయము – విజయనగర, శ్రీకాకుళ ప్రాంతముల పరిశీలనము

మన సాహిత్య చరిత్రలలో కవి కలడు, కావ్యము కలదు, కృతిభర్త కలడు. చదువరి మాత్రము మిక్కిలి అరుదుగా కనబడును. నవలను గూర్చిన పరిశోధనములలోను తీరు ఇదియే. నవల నెవరు వ్రాసిరి, ఎప్పుడు వ్రాసిరి, ఇతివృత్త మెక్కడిది, పాత్రపోషణ మెట్టిది అను విషయములు విపులముగా చర్చింపబడినవి. ఆ నవల ఎవరి చేతులలోనికి పోయినది, వారు దానిని చదువుచు ఒకరితో నొకరు ఏమనుకొనిరి అను ప్రశ్నకు మనము తగినంత స్థానమీయలేదు. ఈ వ్యాసమున ఆ ప్రశ్నను చారిత్రక నవల విషయమున, విజయనగర శ్రీకాకుళ ప్రాంతములను దృష్టియందుంచుకొని, పరిశీలింప దలచినారము.

చారిత్రక నవలలయందు అభిరుచి గల పాఠకులకు ఒక అలవాటు గలదు. ఇద్దఱు కలిసికొన్నచో కుశలప్రశ్నల వెనువెంటనే "ఇప్పుడేమి చదువుచున్నారు?" అని అడుగుకొందురు. దానికి సమాధానము రాగానే "ఎంతవఱకు వచ్చినారు?" అను రెండవ ప్రశ్న పుట్టును. పిమ్మట "అది నిజముగా జరిగినదేనా?" అను మూడవ ప్రశ్న తప్పదు. మొదటి రెండు ప్రశ్నలు ఏ నవలను చదువువారికైనను సామాన్యములే. మూడవది చారిత్రక నవలా పాఠకులకు మాత్రమే ప్రత్యేకము. చదువుచున్న గ్రంథమును గూర్చి, చదువుచుండగనే, పాఠకులు పరస్పరము చెప్పుకొను ఈ మాటలనే యిచ్చట "పఠన వినిమయము" అని వ్యవహరించుచున్నాము.

చదివి ముగించిన గ్రంథమును గూర్చిన మాటకును, చదువుచున్న గ్రంథమును గూర్చిన మాటకును భేదము గలదు. చదివి ముగించినవాడు తీర్పు చెప్పును. చదువుచున్నవాడు ప్రశ్న వేయును. మొదటిది విమర్శకు మూలము, రెండవది జిజ్ఞాసకు మూలము. సాంఘిక నవలను సగము చదివినవాని ప్రశ్న "తరువాత నేమగును?" అని యుండును. చారిత్రక నవలను చదువువానికి ఆ కుతూహలము సగమే యుండును. ఏలయన కథాంతము చరిత్రలో ముందే తెలిసియున్నది. బొబ్బిలి కోట పడిపోవునని నవలను చేత బట్టకముందే ప్రతి చదువరియు నెఱుగును. కావున అతని దృష్టి "ఏమగును" అనుదానినుండి "ఎట్లగును, ఎందువలన నగును, రచయిత ఆ చోటికి మనల నెట్లు గొనిపోవును" అనువానిపైకి మఱలును. ఇందుండియే ఈ పాఠకుల నడుమ ఒక మర్యాదయు నేర్పడినది. చరిత్రలోని రాజు చావును ముందుగా చెప్పివేయుట దోషము కాదు. నవలాకారుడు కల్పించిన నాయిక గతిని ముందుగా చెప్పివేయుట దోషము. ఈ మర్యాదను పాటింపవలెనన్నచో ఏ పాత్ర చరిత్రకు చెందినది, ఏ పాత్ర కల్పితము అని చెప్పువాడు ముందుగా తేల్చుకొనవలసియుండును. మర్యాదకొఱకు చేసిన ఈ విభజనమే విమర్శకు మొదటి మెట్టు.

తెలుగున ఈ అలవాటు నాటుకొనుటకు గల చారిత్రక కారణములు గమనింపదగినవి. చిలకమర్తి లక్ష్మీనరసింహముగారి "హేమలత" 1896లో వెలువడినది. అది "చింతామణి" పత్రిక నడపిన నవలల పోటీకై పుట్టిన రచన. అందు కథాకాలము అల్లాఉద్దీను చిత్తూరుపై దండెత్తిన కాలము. 1906లో కొమఱ్ఱాజు వేంకట లక్ష్మణరావుగారు, గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు, రావిచెట్టు రంగారావుగారు మున్నగువారు హైదరాబాదున విజ్ఞానచంద్రికా గ్రంథమండలిని స్థాపించిరి. 1908లో మండలి మదరాసునకు తరలినది. ఆ మండలి చందాదారులను చేర్చుకొని గ్రంథములను పంపుచుండెను. చారిత్రక నవలలకు పోటీలను పెట్టెను. వేలాల సుబ్బారావుగారి "రాణీ సంయుక్త", దుగ్గిరాల రాఘవచంద్రయ్యగారి "విజయనగర సామ్రాజ్యము", కేతవరపు వేంకటశాస్త్రిగారి "రాయచూరు యుద్ధము" ఆ యుత్సాహమున వెలువడినవే. విజయనగర ప్రాంతీయులైన భోగరాజు నారాయణమూర్తిగారు (1891–1940) "విమలాదేవి" మున్నగు నవలలతో ఈ శాఖయందు ప్రసిద్ధి కెక్కిరి. చారిత్రక నవల యీ ప్రాంతమునకు వెలుపలినుండి వచ్చిన వస్తువు మాత్రమే కాదు, ఇచ్చటి చేతులును దానిని తీర్చినవని దీనివలన తెలియుచున్నది.

విజ్ఞానచంద్రికా మండలి విషయమున మనము మఱవరాని యంశ మొకటి గలదు. చిలుకూరి వీరభద్రరావుగారి "ఆంధ్రుల చరిత్రము" ప్రథమ భాగమును 1910లో ప్రకటించినది ఆ మండలియే. అనగా చరిత్రమును, చారిత్రక నవలను ప్రోత్సహించిన సంస్థ యొక్కటే. ఆ రెండింటిని అందుకొన్న చదువరియు ఒక్కడే. ఒకరు చరిత్రము చదువుచుండగా, ఆ యింటనే వేఱొకరు నవల చదువుటకు వీలు కలిగినది. "ఇది నిజముగా జరిగినదేనా?" అను ప్రశ్నకు సమాధానము వెదకుటకు తగిన గ్రంథము ప్రక్క బల్లపైననే యుండెను. చారిత్రక నవల యొంటరిగా గాక, చరిత్ర గ్రంథముతో జంటగా తెలుగు పాఠకుని చేరుట ఒక యదృష్టము. ఆ జంట తరువాతి కాలమున విడిపోయినది. విడిపోయిన జంటను మరల కలుపు పని పఠన వినిమయమునకు మిగిలినది.

గ్రంథాలయోద్యమము ఈ వినిమయమునకు చోటు నిచ్చినది. 1914 ఏప్రిలు 10వ తేదీన బెజవాడలో జరిగిన ఆంధ్రదేశ గ్రంథాలయ ప్రతినిధుల ప్రథమ మహాసభకు అధ్యక్షత వహించినవారు "హేమలత" కర్తయైన చిలకమర్తివారే. చారిత్రక నవలాకారుడు గ్రంథాలయ సభకు అధ్యక్షుడగుట యాదృచ్ఛికమే యైనను, నవలకును పఠనమందిరమునకును నాడుగల పొత్తును అది చక్కగా సూచించును. పఠనమందిరమున చదువు మౌనముగా మాత్రమే సాగెడిది కాదు. ఒకరు చదువగా పలువురు వినుట నాటి యలవాటు. నవల గ్రాంథికభాషలో నుండెను. వినువారిలో కొందఱికి అక్షరజ్ఞానమే యుండెడిది కాదు. చదువునతడు వాక్యమును చదివి, దానిని తన ఊరి మాటలలో మరల చెప్పవలసివచ్చెను. ఆ మరల చెప్పుటయందే వ్యాఖ్యానమును, సంశయమును, స్థానిక స్మృతియు చేరెడివి. శ్రీకాకుళ ప్రాంతమున జన్మించిన గిడుగు రామమూర్తి పంతులుగారు (1863–1940) వ్యావహారిక భాషకై చేసిన వాదమును మనము వ్రాత దృష్టితోనే చూచుచుందుము. పఠనమందిరములోని వాచకుడు ఆ వాదమునకు ఆచరణరూపమైన సాక్ష్యమని మేము తలచుచున్నాము.

రెండవ దశ ధారావాహికల దశ. 1924లో వెలువడిన "భారతి" మాసపత్రికయు, తరువాతి వారపత్రికలును నవలను భాగములు భాగములుగా పంచిపెట్టినవి. విశ్వనాథ సత్యనారాయణగారి "ఏకవీర" భారతిలో వెలువడినదే. ధారావాహిక పఠనమునకు ఒక విశేషము గలదు: ఒకే కాలమున పాఠకులందఱును ఒకే పుటయం దుందురు. "ఎంతవఱకు వచ్చినారు?" అని యడుగ నక్కఱలేదు. పత్రిక వచ్చిన దినమునుండి మరుసటి సంచిక వచ్చువఱకు గల వ్యవధి యంతయు చర్చకు దొరకిన కాలమే. ధారావాహిక పుటలను చించి, వరుసగా కుట్టి, బైండు చేయించి, బంధువుల యిండ్లకు పంపుట మన యిండ్లలో నిన్నమొన్నటి వఱకు నుండిన యాచారము. అట్టి బైండు పుస్తకములందు నవల ప్రక్కనే నాటి ప్రకటనములు, పాఠకుల లేఖలు గూడ మిగిలియుండుట పరిశోధకులకు లాభము.

పిమ్మట అద్దె పుస్తకముల దుకాణములు వచ్చినవి. రోజుకింత యని యద్దె చెల్లించి నవలను కొనిపోవు కాలమున చదువరికి తొందర యెక్కువ, చర్చ తక్కువ. అయినను అట్టి ప్రతుల యంచులయందు పెన్సిలుతో వ్రాసిన మాటలు పఠన వినిమయమునకు విచిత్రమైన సాక్ష్యములు. ముందు చదివినవాడు "ఇది చరిత్రలో లేదు" అని వ్రాయును, తరువాతివాడు దాని క్రింద "నీకెట్లు తెలియును?" అని వ్రాయును. ఒకరినొకరు ఎన్నడును చూడని యిద్దఱు పాఠకులు ఒక పుట యంచున వాదించుకొనుట! ఇట్టివి అల్పములని త్రోసివేయదగినవి కావు.

ఇక ఈ వినిమయము విజయనగర శ్రీకాకుళ ప్రాంతములందు ఇతరత్ర కంటె నెక్కువ యవసరమగుటకు కారణమును చెప్పవలసియున్నది. చరిత్ర ఇచ్చట పుస్తకములయందే కాదు, ఊరి పేరులయందును, వంశముల యభిమానములయందును జీవించియున్నది. మూడు నిదర్శనములను చూతము.

మొదటిది పేరును గూర్చినది. తెలుగున "విజయనగరము" అను పేరు రెండు రాజధానులకు చెల్లును. ఒకటి తుంగభద్రా తీరమున గల హంపీ విజయనగరము. రెండవది 1713లో కోట నిర్మింపబడిన పూసపాటివారి విజయనగరము. దుగ్గిరాలవారి "విజయనగర సామ్రాజ్యము" మొదటిదానికి సంబంధించినది. ఈ ప్రాంతపు బాలుడు ఆ శీర్షికను చూచి తన యూరి కథ యని భ్రమపడుట సహజము. ఆంగ్లమున వర్ణక్రమ భేదము వలన తీరిపోవు ఈ సందేహము తెలుగున మాట వలననే తీరవలెను. ఈ భ్రమ తీరిన పిమ్మట అంతకంటె లోతైన ప్రశ్న యొకటి పుట్టును. శ్రీకృష్ణదేవరాయల కళింగ దండయాత్రను వర్ణించు నవలలందు కథ రాయల పక్షమున నడచుట సామాన్యము. ప్రతాపరుద్ర గజపతి ప్రతిపక్షి. కాని ఆ సేనలు నడచివచ్చిన నేల మన నేల. సింహాచలమున 1516 నాటి రాయల శాసనము గలదు. పొట్నూరున రాయలు జయస్తంభమును నాటెనను ప్రసిద్ధి గలదు. ఆ జయస్తంభము ఎవరి జయమునకు చిహ్నము, ఎవరి పరాజయమునకు చిహ్నము? నవలను ఒంటరిగా చదువువాడు రాయలతో గుఱ్ఱమెక్కి వచ్చును. పదిమందితో చెప్పుకొనుచు చదువువానికి, తాను నిలిచియున్నది ఎదుటి పక్షపు నేలపై ననునది ఎవరో యొకరు జ్ఞాపకము చేయుదురు.

రెండవ నిదర్శనము బొబ్బిలి యుద్ధము. 1757 జనవరి 24వ తేదీన ఫ్రెంచి సేనాని బుస్సీ బలములును, విజయనగర ప్రభువు విజయరామరాజు బలములును కలిసి బొబ్బిలి కోటను ముట్టడించినవి. రాజా రంగారావు యుద్ధమున మడిసెను. కోటలోని స్త్రీబాలురు పరుల చేత జిక్కకుండ స్వజనుల చేతనే హతులైరి. కొలది దినములలో విజయరామరాజు తన గుడారమున వధింపబడెను. ఈ స్థూల వృత్తాంతమున వివాదము లేదు. వివరములకు వచ్చుసరికి ఒక్కొక్క మూలము ఒక్కొక్క విధముగా పలుకును. దిట్టకవి నారాయణకవి "రంగరాయచరిత్రము" బొబ్బిలివారి శౌర్యమును కీర్తించు ప్రబంధము. జంగములు పాడిన బొబ్బిలి కథయందు తాండ్ర పాపారాయడు నాయకుడు. రాజామునుండి వచ్చి పగ తీర్చుకొన్న వీరుడు. ఆంగ్ల చరిత్రకారుడు రాబర్టు ఓర్మ్ 1778లో ప్రకటించిన సంపుటమున ఈ యుద్ధమును వర్ణించుచు, విజయరామరాజును చంపినవారు రంగారావు భటులలో కొందఱని చెప్పెను. బొబ్బిలి సంస్థానాధీశులు వేంకట శ్వేతాచలపతి రంగారావుగారు తమ సంస్థాన చరిత్రమును ఆంగ్లమున వ్రాసిరి. వేదము వేంకటరాయశాస్త్రిగారి "బొబ్బిలి యుద్ధ నాటకము" 1916లో వెలువడినది. 1964లో అదే కథ చలనచిత్రమైనది.

ఇన్ని మూలములనుండి పుట్టిన కథను నవలగా చదువు చదువరికి ఎదురగు చిక్కేమి? నవలయందు మూలము కనబడదు. పాట నుండి వచ్చిన వాక్యమును, ఓర్మ్ నుండి వచ్చిన వాక్యమును, రచయిత స్వయముగా కల్పించిన వాక్యమును ఒకే స్వరముతో పలుకుటయే నవల యొక్క శిల్పము. చదువరి ఆ మూడింటిని ఒకే ధాన్యముగా మ్రింగును. విజయనగరమున చదువువాడును, బొబ్బిలిలో చదువువాడును అదే నవలను వేఱువేఱు మనసులతో చదువుదురు. ఒకనికి విజయరామరాజు ద్రోహి. వేఱొకనికి అతడు నాటి రాజకీయమున చిక్కుకొనిన పాలకులలో నొకడు. ఈ యిద్దఱును ఎదురుపడి మాటలాడుకొన్నపుడే "ఈ మాట నీకెక్కడిది?" అను ప్రశ్న పుట్టును. ఆ ప్రశ్నకు సమాధానము వెదకబోయినవాడు పాటను, ప్రబంధమును, ఆంగ్ల చరిత్రమును వేఱుచేసి చూడవలసినవాడగును. అది పరిశోధనము కాక మఱేమి?

ఇందే మఱియొక చిక్కు గలదు. 1757లో వధింపబడిన విజయరామరాజు పెద్ద విజయరామరాజు. 1794 జులై 10వ తేదీన పద్మనాభము వద్ద ఈస్టిండియా కంపెనీ సేనతో పోరాడి మడిసినవాడు చిన్న విజయరామరాజు. బొబ్బిలి కథను మాత్రమే చదివినవాని దృష్టిలో ఆ పేరు పరదేశీయుల తోడ్పాటు గొన్నవాని పేరు. పద్మనాభ యుద్ధమును చదివినవాని దృష్టిలో అదే పేరు పరదేశీయుల నెదిరించి ప్రాణము విడిచినవాని పేరు. ఇరువురును ఒకే వ్యక్తిని గూర్చి వాదించుచున్నామని తలచి గంటల తరబడి వాదించుట గలదు. రెండు యుద్ధముల నడుమ ముప్పదియేడు సంవత్సరముల కాలము గలదని ఒకరు చెప్పగానే వాదము శమించును. శమించుటయే కాక, ఒక వంశమును ఒక కథతో కొలువరాదను వివేకము మిగులును. ఒక నవల నేర్పలేని యీ పాఠమును రెండు నవలలను చదివిన యిద్దఱి సంభాషణ నేర్పును.

మూడవ నిదర్శనము స్థలములకు సంబంధించినది. అడవి బాపిరాజుగారి "హిమబిందు" శాతవాహన కాలమును, "అడవి శాంతిశ్రీ" ఇక్ష్వాకు కాలమును చిత్రించును. ఈ నవలలందలి బౌద్ధ వాతావరణమును చదువుచున్న శ్రీకాకుళ ప్రాంతీయునకు వంశధారా తీరమున గల శాలిహుండము స్ఫురించును. విజయనగర ప్రాంతీయునకు రామతీర్థపు కొండలు స్ఫురించును. కథ నడచిన చోటు కృష్ణాతీరమైనను, అతడు తన కంటితో చూచిన స్తూపశిథిలములనే మనసున నిలుపుకొని చదువును. అతడు దీనిని మఱియొకరితో చెప్పినపుడు, ఆ కాలమున బౌద్ధము కృష్ణానదికే పరిమితము కాదను విషయము సంభాషణలోనికి వచ్చును. అట్లే ముఖలింగమును చూచినవాడు గాంగరాజులను గూర్చి యడుగును. గిడుగువారు ముఖలింగ శాసనములను శ్రమించి చదివినవారు; వారి సహాధ్యాయులైన గురజాడ అప్పారావుగారు విజయనగర సంస్థానమున శాసన పరిశోధకులుగా పనిచేసిరి, కళింగ చరిత్రమును వ్రాయ సంకల్పించిరి. భాషోద్యమ నాయకులుగా మాత్రమే మనము స్మరించు ఈ యిరువురకును రాతిపై చెక్కిన యక్షరమునందు సమానమైన యాసక్తి యుండెను. చారిత్రక కల్పనమును శాసనముతో సరిచూచు సంప్రదాయము ఈ ప్రాంతపు పాఠకులకు వారినుండి సంక్రమించిన సొత్తని చెప్పవచ్చును.

శాసనముతో సరిచూచుట ఎంత యవసరమో కాకతీయ కథలవలన తెలియును. బాపిరాజుగారి "గోన గన్నారెడ్డి", నోరి నరసింహశాస్త్రిగారి "రుద్రమదేవి" ఒకే రాణి కాలమునకు చెందినవి. ఒకరు ఒకదానిని, వేఱొకరు రెండవదానిని చదువుచు మాటలాడుకొన్నచో ఒకే రుద్రమ రెండు చిత్తములందు ఎట్లు ప్రతిఫలించెనో పోల్చి చూచుటకు వీలగును. గన్నారెడ్డి గజదొంగ యగుట చరిత్రయా, కల్పనమా యను ప్రశ్న అనివార్యముగా వచ్చును. గోన వంశము చారిత్రకమే; రంగనాథ రామాయణముతో ముడివడిన బుద్ధారెడ్డి ఆ వంశమువాడే. ఆ గజదొంగ వేషము మాత్రము నవలాకారుని కల్పనాశక్తి ఫలము. మఱియు, పూర్వపు చరిత్ర గ్రంథములు రుద్రమదేవి పాలనమును 1295-96 వఱకు చెప్పెడివి. నల్లగొండ ప్రాంతపు చందుపట్ల శాసనము 1289 నాటికే ఆమె మరణించినట్లు తెలుపుచున్నది. కావున పాత చరిత్ర గ్రంథము ననుసరించి, ఆ తరువాతి కాలమున ఆమె సింహాసనముపై నున్నట్లు వ్రాసిన నవల యేదైన నున్నచో, అది రచయిత తప్పు కాదు. నాటి జ్ఞానమునకు గల పరిమితి. అచ్చయిన నవల మాఱదు. చరిత్ర జ్ఞానము మాఱును. ఆ రెండింటి నడుమ నేర్పడు ఎడమును పూరించువాడు తోటి పాఠకుడు.

ఈ సమస్య తెలుగునకే పరిమితము కాదు. వాల్టరు స్కాటు "వేవర్లీ" 1814లో వెలువడినది. 1829 నుండి ప్రకటించిన తన నవలల నూతన ముద్రణమున అతడే పీఠికలను, టిప్పణములను చేర్చి, తన కథల చారిత్రకాధారములను వివరించెను. బంకించంద్రుడు "రాజసింహ" నాలుగవ ముద్రణపు పీఠికయందు, తాను వ్రాసిన వానిలో చారిత్రక నవల యనదగినది అదియే యనియు, "దుర్గేశనందిని" మున్నగువానిని అట్లనరాదనియు తేల్చి చెప్పెను. రచయితలే గీత గీసిన సందర్భములివి. కాని పీఠికను చదువక కథను చదువువారే యెక్కువ. మఱుముద్రణములందు, అనువాదములందు పీఠిక జాఱిపోవుటయు గలదు. అపుడు ఆ గీతను మరల గీయవలసిన భారము పాఠకులపై పడును.

పై విషయములనుబట్టి, ఫలవంతమైన పఠన వినిమయమునకు నాలుగు ప్రశ్నలు ముఖ్యములని తేలుచున్నది. మొదటిది: చదువుచున్న ప్రతి యేది? ధారావాహికకును, పుస్తకరూపమునకును, సంక్షిప్త ముద్రణమునకును భేదములుండును; వేఱు ప్రతులను చదివినవారి వాదము వ్యర్థము. రెండవది: ఎంతవఱకు చదివితిరి? దీనివలన ఎదుటివాని యానందమునకు భంగము కలుగదు. మూడవది: ఇందలి యే యంశము చరిత్రలో గలదు, ఏది కల్పితము? నాలుగవది: చరిత్రలో గలదన్న యంశమునకు ఆధారము శాసనమా, సమకాలిక లేఖనమా, కావ్యమా, పాటయా? ఈ నాలుగింటిలో చివరిదానికి వెంటనే సమాధానము దొరకకపోవచ్చును. దొరకలేదని యొప్పుకొనుటయు వినిమయమునందొక ఫలమే.

ఈ వాదమునకు ఆక్షేపణములు లేకపోలేదు. ఇది కాలక్షేపపు మాట, దీనికి పరిశోధన గౌరవమేల యని కొందఱందురు. కాలక్షేపమే, కాని ప్రజలు తమ గతమును గూర్చి యేర్పఱచుకొను నభిప్రాయములలో పెక్కులు ఇట్టి కాలక్షేపముననే యేర్పడును. రెండవ యాక్షేపణము బలవత్తరమైనది. పాఠకులు గుంపుగా కూడినపుడు ప్రశ్న బలపడుటకు మాఱు అభిమానము బలపడవచ్చును. ఒకే కులమువారు, ఒకే యూరివారు, ఒకే వంశమునందు భక్తి గలవారు చేరి ఒకే నవలను మెచ్చుకొన్నచో, కల్పితము మఱింత గట్టిగా చరిత్రయై కూర్చుండును. ఇది నిజము. దీనికి విరుగుడు వినిమయమును మానుట కాదు. భిన్నాభిప్రాయము గలవానిని అందులోనికి పిలుచుట. బొబ్బిలి కథను చదువు గోష్ఠిలో విజయనగరమువాడు ఒక్కడైన నుండవలెను. రాయల కథను చదువు గోష్ఠిలో గజపతుల శాసనములను చూచినవాడు ఒక్కడైన నుండవలెను.

నేటి స్థితిని గూర్చి రెండు మాటలు. చేతిలోని ఫోను వలన పఠన వినిమయము నేడు విస్తరించినది. చదువుచున్న నవల యట్టపొటోను క్షణములో పదిమందికి పంపవచ్చును. టెక్కలిలో నున్న చదువరి సాలూరులో నున్న చదువరితో ఆ పూటయే మాటలాడవచ్చును. ఇది లాభము. కాని అట్టపొటో పఠనమునకు గుర్తు కాదు; "చాల బాగున్నది" అను మాట వినిమయము కాదు. పైగా ఆ మాటలు నిలువవు. పుట యంచున పెన్సిలుతో వ్రాసిన మాట యేబదియేండ్లకైనను దొరకును. ఫోనులో వ్రాసిన మాట ఫోను మాఱగానే నశించును. ఇంత విరివిగా చదువుకొని, మాటలాడుకొన్న తరము తన పఠనమును గూర్చి యేమియు మిగుల్చకపోవు ప్రమాదము గలదు.

భద్రపఱచుట అసాధ్యమా యన్నచో, ఈ ప్రాంతమే సమాధానము చెప్పును. కాళీపట్నం రామారావుగారు (1924–2021) 1997 ఫిబ్రవరి 22వ తేదీన శ్రీకాకుళమున కథానిలయమును స్థాపించిరి. తెలుగు కథల కన్నింటికి ఒక యిల్లుండవలెనను సంకల్పముతో ఒక రచయిత ప్రారంభించిన సంస్థ అది. కథలు పత్రికలలో వెలువడినవి గనుక, కథలకై చేర్చిన పాత పత్రికలయందు ధారావాహిక నవలల భాగములును, పాఠకుల లేఖలును ఉండుట సహజము. చారిత్రక నవలా పాఠకుల చరిత్రమును వ్రాయదలచినవారికి ఇంతకంటె సమీపమున దొరకు గని లేదు. విజయనగరమున గురజాడవారి పేరిట నున్న జిల్లా కేంద్ర గ్రంథాలయమును, చిన్న యూళ్ల శాఖా గ్రంథాలయములును మఱియొక గని. పాత ప్రతుల కంటించిన తేదీ చీటీలు ఏ నవల యేయే సంవత్సరములందు ఎన్ని చేతులు మాఱినదో తెలుపును. శిథిలమైన ప్రతిని తొలగించునపుడు ఆ చీటీయు, అంచు వ్రాతలును దానితో పోవుచున్నవి. తొలగించుటకు ముందు వానిని నకలు చేసికొనుట పెద్ద వ్యయముతో కూడిన పని కాదు.

కావున అధ్యాపకులకును, పరిశోధక విద్యార్థులకును మా సూచనము లివి. చారిత్రక నవలపై పరిశోధించువారు రచయిత జీవితముతోపాటు ఆ నవల పాఠకుల జాడలను గూడ సేకరింపవలెను: పత్రికలలోని లేఖలు, బైండు పుస్తకములు, అంచు వ్రాతలు, తేదీ చీటీలు, వృద్ధ పాఠకుల జ్ఞాపకములు. తరగతిలో చారిత్రక నవలను బోధించునపుడు, విద్యార్థులందఱకు ఒకే నవలను కాక, ఒకే కాలమునకు చెందిన రెండు నవలలను పంచి యిచ్చి, సగము చదివిన పిమ్మట మాటలాడుకొననీయవలెను. ప్రతి విద్యార్థియు ఒక పఠన పుస్తకమును ఉంచుకొని, పై నాలుగు ప్రశ్నలకు సమాధానములను తేదీతో వ్రాసికొనవలెను. గురజాడవారి దినచర్యలును, లేఖలును మిగిలి అచ్చగుట వలననే గదా వారి మనోవికాసమును మనము గ్రహింపగలుగుచున్నాము! సామాన్య పాఠకుని దినచర్యకును అట్టి విలువ యొకనాటికి కలుగును.

చారిత్రక నవలాకారుడు చరిత్రను, కల్పనమును ఒక నేతగా నేయును. అది యతని ధర్మము. ఆ నేతలో ఏ పోగు ఎక్కడిదో తెలిసికొనుట పాఠకుని ధర్మము. ఒక్కని కంటికి కనబడని పోగు వేఱొకని కంటికి కనబడును. "ఇప్పుడేమి చదువుచున్నారు?" అను చిన్న ప్రశ్నకు మన విమర్శయందు ఇంతటి ప్రయోజనము గలదు. ఆ ప్రశ్నను అడుగుటయు, వచ్చిన సమాధానమును భద్రపఱచుటయు తెలుగు శాఖల కర్తవ్యమని మా యభిప్రాయము.